నైలు నది మీద స్నేహితులతో బోటు ప్రయాణం, అస్వాన్ ఊరు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈజిప్టులో లక్సర్ నుంచి అస్వాన్ దాకా నైలు నది మీద బోటులో వెళ్లాలనుకునే స్నేహితుల కోసం రాసిన పేజీ ఇది. గుళ్ల గురించి, ఫరోల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఎక్కువగా అస్వాన్ ఊరి గురించే రాశాను. బోటు చివరికి ఆగేది అక్కడే. చాలామంది మాత్రం ఆ ఊరిని ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారిలా చూసి వదిలేస్తున్నారు. నా మాట వింటే బోటు దిగాక కనీసం రెండు రోజులు ఆ ఊరికే ఇవ్వండి.

ప్యాకేజీలో అస్వాన్ కూడా ఉంటుంది కదా, అది సరిపోదా?

సరిపోదు. మామూలు ప్యాకేజీలో బోటు అస్వాన్ చేరాక గైడు మిమ్మల్ని వ్యాన్ ఎక్కించి హై డ్యామ్, ఫిలే గుడి, సగంలో ఆగిపోయిన రాతి స్తంభం చూపించి మళ్లీ బోటు దగ్గర దింపేస్తాడు. రాత్రి బోటు రేవులోనే ఉంటుంది, పొద్దున టిఫిన్ కాగానే గది ఖాళీ చేయాలి. ఈ హడావుడిలో మూడు స్థలాలు చూస్తారు గానీ ఊరు కనబడదు. సాయంత్రం నది ఒడ్డున కుటుంబాలు షికారు చేయడం, బజారు వీధిలో రాత్రి సందడి, ఎదురుగా దీవిలో ఉన్న పల్లెలు, ఇవేవీ ఆ ప్యాకేజీలో ఉండవు. అందుకే ఆఖరి రాత్రి తర్వాత ఊళ్లో గానీ ఎలిఫెంటైన్ దీవిలో గానీ గది తీసుకోండి. దీవిలో నూబియన్ (ఈ ప్రాంతపు స్థానిక ప్రజలు) కుటుంబాలు నడిపే చిన్న గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి. నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఉండటానికి పెద్ద హోటల్ కంటే అవే హాయి.

లక్సర్‌లో ఎక్కాలా, అస్వాన్‌లో ఎక్కాలా?

లక్సర్‌లో ఎక్కితే సాధారణంగా నాలుగు రాత్రులు, అస్వాన్‌లో ఎక్కితే మూడు రాత్రులు. నేనైతే లక్సర్ నుంచే వెళ్లమంటాను. కర్నాక్, రాజుల లోయ, ఎద్ఫు, కోమ్ ఓంబో అన్నీ అయ్యేసరికి గుళ్లు చూసి చూసి ఎవరికైనా అలసట వస్తుంది. ఆ అలసట తీరేది అస్వాన్‌లోనే. అక్కడ నది మధ్య నల్లటి గ్రానైట్ బండలు పైకి లేచి ఉంటాయి, అవతలి గట్టు మీద ఇసుక కొండ నేరుగా నీళ్ల దాకా దిగుతుంది, తెల్ల తెరచాపల పడవలు తిరుగుతుంటాయి. ప్రయాణం చివర ఇలాంటి చోట ముగియడం బాగుంటుంది.

పెద్ద క్రూయిజ్ బోటా, దహబియానా, ఫెలుక్కానా?

క్రూయిజ్ బోటు అంటే నీళ్ల మీద నడిచే హోటల్. ఏసీ గదులు, పైన ఈత కొలను, మూడు పూటలా బఫే ఉంటాయి. పెద్దవాళ్లు, పిల్లలు కూడా వస్తుంటే అదే నయం. దహబియా అంటే రెండు తెరచాపలు, కొద్ది గదులు ఉన్న పాతకాలపు పడవ. ఖర్చు ఎక్కువ, కానీ పెద్ద బోట్లు ఆగని చిన్న రేవుల్లో కూడా ఆగుతుంది. గెబెల్ సిల్సిలా దగ్గర దిగితే గుళ్లకు రాయి తీసిన పాత ఇసుకరాతి క్వారీ కొండలు నదికి అటూ ఇటూ కనిపిస్తాయి. ఎనిమిది పది మంది స్నేహితులు కలిస్తే పడవ మొత్తం మీరే తీసుకోవచ్చు. ఫెలుక్కా అంటే తెరచాపతో నడిచే చిన్న పడవ. అందులో రాత్రి ప్రయాణం అంటే గదులు ఉండవు, పరుపులు వేసిన డెక్ మీదే నిద్ర, బాత్రూం కోసం గట్టుకు వెళ్లాలి. కుర్రవాళ్లకు సరదాగానే ఉంటుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లను మాత్రం బలవంతం చేయకండి.

ఎస్నా దగ్గర బోటు గంటల తరబడి ఆగిపోతుందట, ఎందుకు?

అక్కడ నది మీద ఆనకట్ట ఉంది. ధవళేశ్వరం దగ్గర లాకులు చూసినవాళ్లకు సంగతి వెంటనే తెలుస్తుంది. బోటు లాకులోకి వెళ్లాక వెనక తలుపులు మూస్తారు, నీళ్లు నింపుతారు, బోటు మెల్లగా పైకి లేస్తుంది, అప్పుడు ముందు తలుపులు తెరుచుకుంటాయి. బోట్లన్నీ వరసలో ఆగాలి కాబట్టి ఆలస్యం తప్పదు.

ఈ ఆలస్యంలోనే అసలు వినోదం. చిన్న పడవల్లో బట్టలమ్మేవాళ్లు వచ్చి పెద్ద బోటుకు తాడు కట్టేసుకుంటారు. కింద నుంచే గలాబియాలు అనే పొడవాటి అంగీలు, దుప్పట్లు, టేబుల్ క్లాత్‌లు విప్పి చూపిస్తూ కేకలు వేస్తారు. మీరు కాస్త ఆసక్తి చూపిస్తే చాలు, వస్త్రాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి మూడంతస్తుల పైనున్న డెక్ మీదికి గురి చూసి విసిరేస్తారు. బేరం కుదిరితే డబ్బు అదే సంచిలో పెట్టి కిందికి వేయాలి, కుదరకపోతే బట్ట తిరిగి విసరాలి. గురి తప్పితే సరుకు నైలు పాలవుతుంది, ఆ నష్టం వాళ్లదే. అందుకే కొనే ఉద్దేశం లేకపోతే మొదటే చెయ్యి ఊపి వద్దనండి. సైజు చూసుకోవడం, మరక ఉందేమో వెతకడం, ధర అరుచుకోవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. స్నేహితులు పక్కన ఉంటేనే ఈ బేరానికి అందం.

దారిలో ఎద్ఫు, కోమ్ ఓంబో దిగి చూడాలా?

చూడండి. ఎద్ఫులో డేగ రూపంలో ఉండే దేవుడు హోరస్ గుడి క్రీ.పూ. 237లో మొదలై క్రీ.పూ. 57లో పూర్తయింది. గోడలు, పైకప్పు సహా దాదాపు పూర్తిగా నిలిచి ఉంది. రేవు నుంచి గుడికి గుర్రపు బండ్లు తీసుకెళ్తాయి. ఆ గుర్రాల్లో కొన్ని బక్కచిక్కి ఉంటాయి, అలాంటి బండి ఎక్కకండి. ఆటో దొరుకుతుంది. కోమ్ ఓంబో గుడి సరిగ్గా నది ఒడ్డునే ఉంది, రేవు నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. మొసలి రూపంలో ఉండే సోబెక్‌కు సగం, హోరస్‌కు సగం. పక్కనే మొసళ్ల మమ్మీల మ్యూజియం. సాయంత్రం దీపాలు వెలిగాక వెళ్తే మంచిది.

అస్వాన్‌లో బోటు దిగడానికి వేరే బోట్లలోంచి నడిచి వెళ్లాలట, నిజమేనా?

నిజమే. రేవులో చోటు చాలదు కాబట్టి బోట్లను పక్కపక్కనే కట్టేస్తారు. మీ బోటు నాలుగోది అయితే మిగతా మూడు బోట్ల లాబీలు దాటుకుంటూ గట్టెక్కాలి. ఒకదాంట్లో పాలరాయి, ఇంకోదాంట్లో అద్దాలు, మరోదాంట్లో అగరు ధూపం. తిరిగొచ్చేటప్పుడు బోటు పేరు గుర్తుండాలి. మీరు ఊళ్లో ఉండగా బోట్ల వరస మారిపోవచ్చు కూడా. దిగేముందు రిసెప్షన్‌లో కార్డు అడిగి తీసుకుని, రేవుకు ఎదురుగా ఉన్న భవనాన్ని ఫోటో తీసిపెట్టుకోండి.

గట్టెక్కాక మొదట ఎటు వెళ్లాలి?

నది వెంట సాగే రోడ్డును కార్నిష్ అంటారు. దానికి సమాంతరంగా లోపలి వైపు బజారు వీధి ఉంది, ఉత్తరం కొసన రైల్వే స్టేషన్. ఈ రెండు గీతలు మనసులో ఉంటే ఊళ్లో దారి తప్పరు. మొదటి సాయంత్రం ఎక్కడికీ టికెట్ కొనకుండా కార్నిష్ మీద దక్షిణం వైపు నడవండి. ఆ చివర ఫెర్యాల్ తోట ఉంది. గ్రానైట్ బండల మీద నుంచి నది మలుపు, ఎలిఫెంటైన్ దీవి కొస, అవతలి ఇసుక కొండ ఒక్క చూపులో కనిపిస్తాయి. పక్కనే 1899లో కట్టిన ఓల్డ్ కాటరాక్ట్ హోటల్.

ఎదుటి గట్టు మీద కొండపైన ఒక సమాధి మందిరం కనబడుతుంది. అది ఇస్మాయిలీ ముస్లింల మతగురువు మూడో ఆగాఖాన్‌ది. పుణెలో ఆయన కట్టించిన ఆగాఖాన్ ప్యాలెస్‌లోనే 1942 నుంచి 1944 వరకు గాంధీజీని నిర్బంధించారు, కస్తూర్బా కన్నుమూసింది కూడా అక్కడే. 1877లో కరాచీలో పుట్టిన ఆ మనిషి అస్వాన్‌ను ఎంతో ఇష్టపడి తనను ఇక్కడే సమాధి చేయమన్నాడు. నది మీద నుంచి చూస్తే చాలు.

ఎలిఫెంటైన్ దీవికి ఎలా వెళ్లాలి? అక్కడ ఏముంది?

ఊరివాళ్లు ఎక్కే పెద్ద మోటారు పడవ రోజంతా తిరుగుతుంది. కొన్ని నిమిషాల్లో దాటిస్తుంది, ఛార్జీ కూడా చాలా తక్కువ. దానికి వెళ్తుంటే దారిలో ‘ఈరోజు పడవ లేదు, నా పడవ ఎక్కండి’ అని ఎవరో ఒకరు అంటారు. నవ్వి ముందుకు సాగండి, పడవ ఉంటుంది.

దీవి దక్షిణం కొసన పురాతన నగరం శిథిలాలు, ఖ్నూమ్, సతెత్ దేవతల గుళ్లు ఉన్నాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం నైలోమీటరు. రాతి మెట్లు రెండు గోడల మధ్య నీళ్లలోకి దిగుతాయి, గోడ మీద కొలత గీతలు చెక్కి ఉంటాయి. వరద ఏ గీత దాకా వస్తే ఆ ఏటి పంట అంత, దాన్ని బట్టే శిస్తు. కాలువల మీద బతికే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆ గీతల విలువ ఎవరూ వివరించక్కర్లేదు.

తర్వాత మధ్యలో ఉన్న నూబియన్ పల్లెల్లోకి నడవండి. కార్లు లేవు. రెండు చేతులు చాస్తే గోడలు తగిలేంత ఇరుకు సందులు, నీలం పసుపు రంగుల ఇళ్లు, ఖర్జూర చెట్లు. ఇళ్లలోకి తొంగిచూడకండి. పెద్దవాళ్లు కనబడితే ‘సలామ్ అలేకుమ్’ అనండి. టీకి పిలిస్తే కూర్చోండి.

ఫెలుక్కా బేరం ఎలా ఆడాలి?

మనిషికి ఇంత అని కాకుండా పడవకు, గంటకు ఇంత అని మాట్లాడండి. ఎక్కేముందే మూడు విషయాలు తేల్చుకోవాలి: ఎన్ని గంటలు, ఎక్కడెక్కడ ఆపుతాడు, మొత్తం ఎంత. డబ్బు దిగాకే ఇవ్వండి. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు బయల్దేరి బొటానికల్ గార్డెన్ ఉన్న దీవి దగ్గర దిగి, ఎలిఫెంటైన్‌ను చుట్టి రండి.

ఇక్కడ ఒక చక్కటి సంగతి. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి వీస్తుంది. అంటే ఎగువకు పోవాలంటే తెరచాప ఎత్తితే చాలు, దిగువకు రావాలంటే తెరచాప దించి ప్రవాహానికి వదిలేస్తే చాలు. వేల ఏళ్లు ఈ దేశం రాకపోకలన్నీ ఈ ఏర్పాటు మీదే నడిచాయి. పురాతన చిత్రలిపిలో దక్షిణ ప్రయాణానికి గుర్తు తెరచాప ఎత్తిన పడవే. గాలి పడిపోతే పడవవాడు తెడ్లు తీస్తాడు. మీరూ ఒక చెయ్యి వేయండి.

చిన్న చెక్కల మీద కూర్చుని చేతులతో తెడ్డు వేస్తూ వచ్చి, మీ పడవ అంచు పట్టుకుని పాటలు పాడే పిల్లలు కనిపిస్తారు. ముచ్చటగానే ఉంటుంది. కానీ మీరిచ్చే చిల్లర వాళ్లను బడికి దూరం చేస్తుందేమో ఆలోచించండి. నేను ఇవ్వొద్దనే అంటాను.

ఫిలే గుడి చూసి తీరాల్సిందేనా?

తప్పకుండా. ఐసిస్ దేవి గుడి అది. 1902లో మొదటి ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలో ఉండేది. హై డ్యామ్ నిర్మాణం 1960లో మొదలయ్యాక ఇక శాశ్వతంగా మునిగిపోతుందని యునెస్కో పూనుకుంది. గుడి చుట్టూ అడ్డుకట్ట కట్టి, నీళ్లు తోడేసి, రాళ్లకు నంబర్లు వేసి విప్పి, పక్కనే ఎత్తుగా ఉన్న అగిల్కియా దీవి మీద మళ్లీ నిలబెట్టారు. 1980లో తిరిగి తెరిచారు. తేదీ తెలిసిన చిట్టచివరి చిత్రలిపి శాసనం క్రీ.శ. 394 నాటిది, అదీ ఈ గుడి గోడ మీదే ఉంది.

లాంచీలో ఆ దీవికి వెళ్తుంటే మనవాళ్లకు నాగార్జునకొండ గుర్తు రాకుండా ఉండదు. సాగర్ జలాశయంలో లోయ మునిగిపోయే ముందు అక్కడి బౌద్ధ కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికి, అనుపుకు తరలించి మళ్లీ కట్టారు. 1955లో శంకుస్థాపన జరిగిన మన డ్యామ్, 1960లో మొదలైన వాళ్ల డ్యామ్ ఒకే కాలపు కలలు. గుళ్లనైతే కాపాడుకున్నారు. నూబియన్ల ఊళ్లు మాత్రం నీళ్ల కిందే ఉండిపోయాయి. 1963-64లో దాదాపు 50 వేల మందిని కోమ్ ఓంబో చుట్టుపక్కలకు తరలించారు. నది చూడకుండా ఒక్కరోజు బతకని జనం వాళ్లు, పంపింది నదికి దూరంగా. శ్రీశైలం, సాగర్ ముంపు కుటుంబాలు తెలిసినవాళ్లెవరైనా ఈ కథ విన్నాక మనసు కుదుటపరచుకోవడానికి కాస్త టైం పడుతుంది. అందుకే ఫిలే చూసిన రోజే నూబియా మ్యూజియం కూడా చూడండి. 1997లో తెరిచారు, భవనానికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది.

ఒక జాగ్రత్త: గుడి టికెట్లో పడవ ఛార్జీ కలిసి ఉండదు. రేవులో పడవవాళ్లతో వేరే మాట్లాడుకోవాలి. ఇక్కడే గుంపుగా వెళ్లడం కలిసొస్తుంది. పడవ వేచి ఉండే సమయం కూడా ముందే చెప్పించుకోండి.

హై డ్యామ్ చూడాలా?

ఇంజినీరు మిత్రులు ఉంటే ఆగండి. పొడవు 3,830 మీటర్లు, ఎత్తు 111 మీటర్లు. రాయి, మట్టి పోసి కట్టింది కాబట్టి పైకి రోడ్డులాగే కనిపిస్తుంది. పావుగంట చాలు.

సగంలో ఆగిపోయిన రాతి స్తంభం?

చూడదగ్గదే. కొండను తొలుస్తూ దాదాపు 42 మీటర్ల స్తంభం చెక్కారు, బరువు వెయ్యి టన్నులు దాటేది. మధ్యలో పగులు రావడంతో అలాగే వదిలేశారు. పని చేసిన గుర్తులు ఇంకా రాతి మీద ఉన్నాయి. నీడ ఉండదు, పొద్దున్నే వెళ్లండి.

అబూ సింబెల్‌కు ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

వెళ్లి రావచ్చు. అస్వాన్ నుంచి దాదాపు 280 కిలోమీటర్లు, తెల్లవారుజామున నాలుగింటికి వ్యాన్ బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగొస్తారు. ఫరో రెండో రామ్సెస్ కట్టించిన ఆ కొండ గుడిని కూడా 1964 నుంచి 1968 మధ్య ముక్కలుగా కోసి 65 మీటర్ల పైకి, 200 మీటర్ల వెనక్కి జరిపారు. బోటు గది ఖాళీ చేసే రోజే ఈ ప్రయాణం పెట్టుకుంటే టెన్షన్. సామాను సర్దడం, నిద్ర లేకపోవడం, మళ్లీ ఎండ. ఊళ్లో అదనంగా ఉంటున్నారు కాబట్టి మర్నాడు పెట్టుకోండి.

నూబియన్ గ్రామం టూర్‌కు వెళ్లాలా?

రంగురంగుల ఇళ్ల గర్బ్ సొహైల్‌కు పడవలో వెళ్లే దారి అద్భుతంగా ఉంటుంది. బండల మధ్య నది సన్నబడి సుడులు తిరుగుతుంది, కొంగలు అడుగు దూరంలో ఎగురుతాయి. ఊళ్లో సందర్శకుల రద్దీ ఎక్కువ. కొన్ని ఇళ్లలో చిన్న తొట్లలో మొసలి పిల్లలను పెట్టి ఫోటోలు తీయిస్తారు, వాటికి డబ్బు ఇవ్వకండి. మట్టి కూజాలో కాచే మసాలా కాఫీ, జబనా అంటారు, అది తాగండి.

బజారులో ఏం కొనాలి?

కర్కదే. ఈ ఊరి కర్కదేకు ఈజిప్టు అంతటా పేరు. ఎండబెట్టిన ఎర్ర రేకలు అమ్ముతారు, నీళ్లలో మరిగిస్తే దానిమ్మ రంగు వస్తుంది. ఈ మొక్క మన ఎర్ర గోంగూరే. మనం ఎక్కువగా ఆకే తింటాం, వాళ్లు కాయ చుట్టూ ఉండే ఎర్రటి పుల్లటి రేకలను ఎండబెడతారు. ఒక్క రేక నోట్లో వేసుకుని చూడండి, పులుపు వెంటనే పోల్చుకుంటారు. ముక్కలు కాకుండా, దుమ్ము లేకుండా, ముదురు రంగులో ఉన్నవి ఎంచుకోండి. చల్లగా చక్కెర వేసి, వేడిగా టీలా, రెండు రకాలా తాగుతారు.

కుంకుమపువ్వు అని చవగ్గా అమ్మేది చాలాసార్లు కుసుంభ పువ్వు, కొనకండి. ‘బి కామ్?’ అంటే ఎంత అని. మొదట చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ దుకాణాలు మూసి ఉంటాయి. చీకటి పడ్డాక బజారు కళకళలాడుతుంది.

శాకాహారులం, తిండి ఎలా?

ఇబ్బంది లేదు. కొషరీ అని అన్నం, మసూర్ పప్పు, మకరోనీ, శనగలు, వేయించిన ఉల్లిపాయలు, టమాటా పులుసు కలిపి ఇస్తారు. పైన వెల్లుల్లి వెనిగర్, కారం వేసుకుంటే మన నాలుకకు సరిపోతుంది. ఫూల్ అంటే ఉడికించిన చిక్కుడు గింజలు. తామేయా అంటే గింజలు రుబ్బి వేసే గారెలు. మొలోఖియా ఆకుకూర చూసి తోటకూర పప్పనుకోకండి, తరచూ మాంసం ఉడికిన నీళ్లలో వండుతారు. ‘అనా నబాతీ’ అంటే శాకాహారిని అని అర్థం. బోటులో ఎక్కిన మొదటి రోజే చెప్పి పెట్టండి. ఆవకాయ సీసా ఒకటి ఉంటే బఫే ఇంకా బాగుంటుంది, గట్టిగా మూసి చెక్-ఇన్ సామానులో పెట్టుకోండి.

ఆడపిల్లలమే కలిసి వెళ్తున్నాం, ఫర్వాలేదా?

వెళ్లొచ్చు. భుజాలు, మోకాళ్లు కప్పే వదులు బట్టలు, ఒక చున్నీ దగ్గరుంచుకోండి. దుకాణాల వాళ్లు, బండివాళ్లు పిలుస్తూనే ఉంటారు. ‘లా, షుక్రన్’ (వద్దు, థాంక్స్) అని ఆగకుండా నడవండి, జవాబిచ్చి నిలబడితే వదలరు. సాయంత్రం కార్నిష్ మీద కుటుంబాలు ఎక్కువగా ఉంటాయి, ఆ వేళ నడవండి. ఫెలుక్కాకు ఒంటరిగా వెళ్లకండి, ఇద్దరు ముగ్గురు కలిసి, చీకటి పడకముందే తిరిగి రండి.

గ్రూపులో గొడవలు రాకుండా ఏం చేయాలి?

అందరూ అన్నీ కలిసే చూడాలన్న పట్టు వదలండి. ఒకరికి మ్యూజియం, ఒకరికి బజారు, ఒకరికి నిద్ర కావాలి. పొద్దున విడిపోయి సాయంత్రం ఫెలుక్కా దగ్గర కలుసుకోండి. టిప్పులు, పడవలు, టీలకు ఒక ఉమ్మడి పర్సు పెట్టి ఒకరి చేతికివ్వండి. ఇక్కడ బక్షీష్ అడగని చోటు ఉండదు, ప్రతిసారీ ‘నేనిచ్చా, నువ్వివ్వు’ లెక్కలు వస్తే స్నేహం చెడుతుంది. బోటు సిబ్బందికి ఇచ్చేది చివరి రాత్రి ఒక్కసారే కవరులో పెట్టి ఇవ్వడం పద్ధతి.

ఏ నెలల్లో వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. పగలు హాయి, రాత్రి డెక్ మీద స్వెట్టర్ కావాలి. మే నుంచి సెప్టెంబరు వరకు 40 డిగ్రీలు దాటడం మామూలే. రామగుండం ఎండ అలవాటైనవాళ్లకు కూడా ఆ రాతి గుళ్ల దగ్గర కష్టం. వాన దాదాపు ఉండదు. రంజాన్ నెలలో పగలు హోటళ్లు కొన్ని మూసి ఉంటాయి, రాత్రి ఊరు మెలకువగా ఉంటుంది.

నైలులో ఈత కొట్టొచ్చా?

గట్టు దగ్గర నిలవ నీళ్లలో దిగకండి, బిల్హార్జియా అనే పరాన్నజీవి వ్యాధి వచ్చే ప్రమాదం ఉంది. మొసళ్ల భయం మాత్రం పెద్దగా అక్కర్లేదు, అవి ఎక్కువగా డ్యామ్‌కు అవతల నాసర్ సరస్సులో ఉన్నాయి. తాగడానికి సీసా నీళ్లే.

వీసా, డబ్బు?

భారత పాస్‌పోర్టుకు వీసా కావాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనకముందే ఈజిప్టు ఎంబసీ సమాచారం చూసుకోండి. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఎయిర్‌పోర్టులోనే ఇస్తారు. హైదరాబాద్ నుంచి సగం మంది, డల్లాస్ నుంచి సగం మంది కలిసేటట్టయితే ముందు హైదరాబాద్ వాళ్ల వీసాలు వచ్చాకే బోటు బుక్ చేయండి. పెద్ద పురావస్తు స్థలాల్లో టికెట్లకు కార్డే తీసుకుంటున్నారు. పడవలకు, టిప్పులకు మాత్రం చిన్న నోట్లు ఎన్ని ఉన్నా చాలవు, బ్యాంకులో పెద్ద నోట్లు మార్చి పెట్టుకోండి.

అస్వాన్ నుంచి తిరిగి ఎలా వెళ్లాలి?

కైరోకు విమానంలో గంటన్నర లోపే. రాత్రి రైలైతే 12 గంటలు దాటుతుంది. గ్రూపుగా ఉన్నారు కాబట్టి స్లీపర్ రైలు సరదాగానే ఉంటుంది, రెండు బెర్తుల గదులు ఉంటాయి. లక్సర్‌లో చూడాల్సింది మిగిలిపోతే పగటి రైలు మూడు గంటల్లో చేరుస్తుంది. నదికి ఎదురుగా ఉన్న వైపు కిటికీ సీట్లు అడగండి, అంటే ఉత్తరానికి వెళ్లేటప్పుడు ఎడమ వైపు. చెరుకు తోటలు, ఖర్జూర తోపులు, మీరు బోటులో దాటొచ్చిన రేవులు కనిపిస్తాయి. స్టేషన్ బజారు వీధి చివరే ఉంది కాబట్టి కర్కదే కొనడం ఆఖరి గంటకు వాయిదా వేసినా ఫర్వాలేదు.